ఆసుపత్రికి రాని వారి లెక్క

నాచారము ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ముందు ఉదయమున వరుసలో నిలిచిన వారిని లెక్కించుట సులభము. ఆ వరుసలోనికి రాలేని వారిని లెక్కించుటయే కష్టము. మా నారపల్లి నుండి వరంగల్లు బాట వెంట ఉప్పలు చేరి, అచ్చట మరల బస్సు మారవలెనన్న, మోకాళ్లు సహకరింపని వృద్ధుడు, తోడు వచ్చు కొడుకు పనికి పోయియుండగా, ‘ఈ నెల ఎట్లో గడచునులే’ అని అరుగు మీదనే కూర్చుండును. అతని వైద్యవ్యయము లెక్కలలో సున్న యగును. ఆ సున్న ఆరోగ్యమునకు గుర్తా, అశక్తతకు గుర్తా?

ఇట్టి సున్నలను చదువుటకు వలసిన పనిముట్లను సమకూర్చిన అర్థశాస్త్రజ్ఞులలో జి.ఎస్. మద్దాల అగ్రగణ్యులు. 1933లో జన్మించి, 1955లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితపట్టము పొంది, బొంబాయిలో సంఖ్యాశాస్త్రము నభ్యసించి, 1963లో చికాగో విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు గైకొనిన వీరు, స్టాన్‌ఫర్డు, రోచెస్టరు, ఫ్లోరిడా, ఒహాయో స్టేటు విశ్వవిద్యాలయములలో బోధించి, 1999లో గతించిరి. వార్ధక్యము వీరి ప్రత్యేకవిషయము కాదు. అయినను, అవునో కాదో అను రెండే సమాధానములు గల విషయములను, సున్న యొద్ద ఆగిపోవు వ్యయములను, ఏదో కారణమున ఒక గుంపులో చేరినవారి వివరములను ఏవిధముగ పరిశీలింపవలెనో, 1983 నాటి తమ గ్రంథమున ఒక్కచోట క్రమపరచిరి. వైద్యునికడకు పోవుటయా మానుటయా అనునది ఒక నిర్ణయము. పోయిన పిదప ఎంత ఖర్చయ్యెననునది వేరొక ప్రశ్న. ఈ రెంటిని కలగలిపి, వరుసలో నిలిచినవారిని మాత్రమే చూచి ముసలివారందరి స్థితిని నిర్ణయించినచో, మనము తెలిసికొనునది నడువగలిగినవారి సంగతి మాత్రమే.

ఎంపికల గణితమునకు 2000లో నోబెల్ బహుమతి నందిన డేనియల్ మెక్‌ఫాడెన్, అమెరికాలో 2006లో వృద్ధులకై మందుల బీమా మొదలైనప్పుడు, అందు చేరనివారెవరో సహపరిశోధకులతో కూడి విచారించిరి. అంతకు పూర్వమే, 1972లో, మైకేల్ గ్రాస్‌మన్ ఆరోగ్యమును ఒక మూలధనముగా భావించి, అది వయస్సుతోపాటు తరుగుచుండుననియు, వైద్యము, వ్యాయామము మున్నగునవి దానికి పెట్టుబడులనియు ప్రతిపాదించిరి. ఈ సిద్ధాంతము నాకు ప్రియమైనదే. కాని నాచారపు కర్మాగారములలో ముప్పదియేండ్లు నిలువుకాళ్లపై పనిచేసిన మనిషి మూలధనము ఎవరికొరకు అరిగెనను ప్రశ్న, ఆ సమీకరణమున కనబడదు. దానిని అడుగవలసినవారము మనమే.

మన దేశమున వృద్ధుల స్థితిని కొలుచు ఈ శాస్త్రము 2017-18లో పెద్దయెత్తున ఇంటి గడప త్రొక్కెను. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞానసంస్థ, హార్వర్డు, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములతో కలిసి, 45 ఏండ్లు నిండినవారిని, వారి జీవిత భాగస్వాములను కలిపి 72,000 మందికి పైగా ఎన్నుకొని, వారి యిండ్లకే పోయి, ఆదాయము, అప్పు, నిద్ర, జ్ఞాపకశక్తి అడిగి తెలిసికొని, రక్తపోటును, పిడికిలి పట్టును సైతము కొలిచెను. ఆసుపత్రికి రానివారి కడకు శాస్త్రమే నడచిపోవుట ఇందలి గొప్పతనము. ఇట్టి వివరములను పరిశీలించుటకంటె మద్దాలవారి గ్రంథమునకు తగిన వినియోగము నేనెరుగను.

అరుగు మీది వృద్ధునికి మాత్రము సర్వే చాలదు. ఇ.ఎస్.ఐ. బీమా గల కొలువున ఐదేండ్లకు తక్కువ కాకుండ పనిచేసి, వయోపరిమితి వలన విరమించిన కార్మికుడు, సంవత్సరమునకు 120 రూపాయలు చెల్లించినచో, అతనికిని, అతని భార్యకును వైద్యము లభించును. ఉప్పలు, నాచారము కర్మాగారములలో పనిచేసి యింట కూర్చున్న పెద్దలు మీ వీధిలో నున్నచో, ఈ మాట వారికి చెప్పుడు. కాగితములు తీసికొని, ఒక దినము వారికి తోడుగా వెళ్లుడు.