రేకు డబ్బాలో ఆహారం: అపోహలు – వాస్తవాలు

డబ్బాలో వచ్చిన ఆహారమంటే మన ఇళ్లలో ఇప్పటికీ జంకే. జాగ్రత్త మంచిదే. కానీ అక్కర్లేని భయాలు పట్టుకుని, నిజంగా భయపడాల్సినవి వదిలేస్తున్నాం.

అపోహ: నెలల తరబడి పాడవలేదంటే ఏదో మందు కలిపే ఉంటారు.

వాస్తవం: డబ్బాలోని ఆహారాన్ని ప్రధానంగా కాపాడేవి వేడి, గాలి చొరబడని మూత. ఆహారాన్ని సీసాల్లో బిగించి, మరిగే నీళ్లలో ఉడికించి నిల్వచేసే పద్ధతి కనిపెట్టిన నికొలా అపేర్‌కు ఫ్రాన్స్ ప్రభుత్వం 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. 1810లో ఇంగ్లండ్‌లో పీటర్ డ్యూరాండ్ లోహపు డబ్బాకు పేటెంట్ పొందాడు. చేపలు, మాంసం, పులుపు లేని కూరగాయల డబ్బాలను ఇప్పుడు ఆవిరి పీడనంలో సుమారు 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉడికిస్తారు. చిత్తూరు ప్రాంతం నుంచి ఎగుమతయ్యే తోతాపురి గుజ్జులో సహజంగానే పులుపుంది కాబట్టి దానికి అంత వేడి అక్కర్లేదు. ప్రిజర్వేటివ్ కలిపితే లేబుల్‌పై రాయాల్సిందే. చదివి కొనండి.

అపోహ: డబ్బా లోహం, సీసం ఆహారంలో కలిసిపోతాయి.

వాస్తవం: ఒకప్పుడు డబ్బా అతుకులకు సీసం కలిసిన టంకం వాడేవారు, ఆ భయం నిజమే. తర్వాత వెల్డింగ్ అతుకులు, అసలు అతుకే లేని డబ్బాలు వచ్చాయి. సీసపు టంకం డబ్బాలను అమెరికా 1995లో నిషేధించింది. నేటి డబ్బాల్లో చాలావాటికి లోపల పలుచటి రక్షణ పూత ఉంటుంది. ఆ పూతల్లో వాడే బిస్ఫినాల్-ఎ మీద అభ్యంతరాలు రావడంతో, ఆహారానికి తగిలే వస్తువుల్లో దాన్ని నిషేధిస్తూ యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. డబ్బా తెరిచాక మిగిలినదాన్ని గాజు లేదా స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి.

అపోహ: కూల్‌డ్రింక్ డబ్బా పలుచబడిందంటే నాసిరకమన్నమాట.

వాస్తవం: పలుచదనం వెనక గొప్ప ఇంజనీరింగ్ ఉంది. పావు మిల్లీమీటరు మందమున్న అల్యూమినియం రేకును గిన్నెలా వంచి, వలయాల గుండా నెట్టి సాగదీస్తే గోడ మందం సుమారు 0.1 మిల్లీమీటరుకు దిగుతుంది. లోపలికి వంగిన అడుగు ఒత్తిడిని తట్టుకుంటుంది. లోపలి గ్యాసు గోడలను బిగువుగా నిలబెడుతుంది. గ్యాసు లేని పానీయాలైతే చుక్క ద్రవ నైట్రోజన్ వేసి మూత బిగిస్తారు. మూత మందమైనది కనుక మెడను సన్నం చేసి మూతను చిన్నది చేస్తే లోహం మిగులుతుంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలోనూ ఈ డబ్బాలు తయారవుతున్నాయి.

అపోహ: ఉబ్బిన డబ్బానైనా బాగా వేడిచేస్తే తినొచ్చు.

వాస్తవం: ఉబ్బిందంటే లోపల సూక్ష్మజీవులు పెరిగి గ్యాసు పుట్టిందని అనుమానించాలి. బొటులిజం తెచ్చే బ్యాక్టీరియా సిద్ధబీజాలు మరిగే నీటి వేడికి చావవు. దాని విషం ప్రాణాలు తీస్తుంది, వాసనతో బయటపడకపోవచ్చు. రుచి కూడా చూడొద్దు. ఉబ్బినా, కారుతున్నా, అతుకు దగ్గర లోతుగా సొట్టపడినా పారేయండి. పక్కన పడిన చిన్న సొట్టతో సాధారణంగా ప్రమాదం లేదు.

అపోహ: వాడేసిన డబ్బా చెత్తే.

వాస్తవం: అల్యూమినియం డబ్బాను కరిగిస్తే మళ్లీ డబ్బాయే అవుతుంది. ఖనిజం నుంచి కొత్త లోహం తీయడంతో పోలిస్తే సుమారు 95 శాతం శక్తి ఆదా. తాగేసిన డబ్బాను తడిచెత్తలో కలపకండి. కడిగి, పాత సామాన్లు కొనేవాళ్లకు ఇవ్వండి.