జీతం పెంచినా పనమ్మాయి ఎందుకు మానేసింది?

"అయిదొందలు పెంచాను. పండక్కి చీర కూడా పెట్టాను. అయినా చెప్పాపెట్టకుండా మానేసింది!" ఈ మాట అనని ఇల్లాలు అరుదేమో!

ఈ చిక్కు మన ఇళ్ళల్లోనే కాదు, పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లోనూ ఉన్నదే. అమెరికాలో చికాగో పక్కన టెలిఫోన్ సామగ్రి తయారుచేసే హాథార్న్ ఫ్యాక్టరీ ఉండేది. 1927లో అక్కడ కొందరు ఆడపిల్లల్ని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టి, మధ్యమధ్య విశ్రాంతినిచ్చి చూశారు. ఏదైనా మార్చేముందు వాళ్ళనీ అడిగేవారు. పని పెరిగింది. అడిగి చేసినందుకే పెరిగిందని కొందరూ, కూలి కట్టే పద్ధతి మారినందుకని కొందరూ తర్వాత వాదించుకున్నారనుకోండి. (కబుర్లు ఎక్కువయ్యాయని ఇద్దర్ని మధ్యలో మార్చేశారు కూడా!)

అంతకన్నా ముచ్చటైన సంగతి 1928లో మొదలైంది. ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడించారు. అలా 20 వేలకు పైగా ఉద్యోగులతో మాట్లాడారు. ముందు కాగితం మీద రాసుకున్న ప్రశ్నలే అడిగేవారు. కానీ ఎదుటివాళ్ళ మనసులో ఉన్నది వేరే! దాంతో ప్రశ్నలు పక్కనబెట్టి, అడ్డురాకుండా వినడం నేర్చుకున్నారు. ఒకావిడకి సూపర్‌వైజరంటే ఒళ్ళుమంట. చెబుతూ చెబుతూ ఉండగా తనకే తట్టింది... ఆయన తనకు గిట్టని సవతి తండ్రిలా కనిపిస్తున్నాడని! ఇంకో అమ్మాయికి, జీతం పెంచమని అడగమంటూ తల్లి పోరు. తీరా చూస్తే, జీతం పెరిగితే రోజూ కలిసి పనిచేసే స్నేహితురాళ్ళకి దూరం కావాలి. ఆ పిల్ల దిగులదీ! ఈ పరిశోధన గురించి ఎల్టన్ మేయో 1945లో ప్రచురించిన పుస్తకంలో ఈ రెండు సంగతులూ ఉన్నాయి.

మన పనమ్మాయిదీ ఉద్యోగమే కదా. పదిమంది చుట్టాలొచ్చిన సంగతి ఆమెకెప్పుడు తెలుస్తుంది? సింకు నిండా అంట్లు చూశాక! ముందురోజే "రేపు అంట్లు ఎక్కువుంటాయి, కాస్త పెందరాళే రాగలవా?" అని అడిగితే, కుదరకపోతే కుదరదని చెప్పే వీలైనా ఉంటుంది. ఆలస్యమైన రోజు "టైమెంతయిందో చూశావా?" అనే బదులు "ఏమైంది?" అనండి. వాళ్ళ వీధి కుళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలుస్తుంది. ఆ వేళను బట్టి అరగంట అటూ ఇటూ మార్చుకుంటే రోజూ గొడవ తప్పుతుంది.

అలాగని తియ్యటి మాటలతో సరిపెట్టి జీతం దగ్గర బిగించమని కాదు సుమండీ! నెలకెన్ని సెలవులు, చుట్టాలొస్తే ఎంత అదనం, బట్టలుతకడం ఇందులో కలిసిందా లేదా... ఇవన్నీ చేరిన రోజే తేల్చుకోవాలి.

మానేసిన అమ్మాయి వీధిలో కనబడితే, ఎందుకు మానేసిందో నెమ్మదిగా అడగండి. మధ్యలో మీ సంజాయిషీ చెప్పకుండా వినాలి మరి!