బాట లేని ఊరు

అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో, చీట్ పర్వతముపైన, స్ప్రూస్ అను ఊరొకటి ఉండెడిది. ఇళ్లు, బడి, హోటలు, కంపెనీ దుకాణము, అన్నియు ఉండెడివి. లేనిదెల్లా బండిబాట. పిండిబస్తా రావలెనన్నను, రోగిని దింపవలెనన్నను రైలే దిక్కు. ఆ ఊరి సంగతి ఈనాడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

స్ప్రూస్ అనునది చలికొండలలో పెరిగెడి ఒక చెట్టు. దాని పీచు పొడవైనది, కాగితమునకు శ్రేష్ఠము. 1901 ప్రాంతమున ఒక కాగితపు కంపెనీ కొండ దిగువన, గ్రీన్‌బ్రయర్ నదీతీరమున, కాస్ పట్టణమును కట్టి అక్కడినుండి కొండపైకి పట్టాలు పరచినది. 3,853 అడుగుల ఎత్తున, ఆ పట్టాల వెంటనే స్ప్రూస్ వెలసినది. 1905లో అక్కడ దుంగల బెరడు ఒలిచెడి మిల్లు నెలకొన్నది. ఒలిచిన కలప వర్జీనియాలోని కవింగ్‌టన్ కాగితపు మిల్లుకు పోయెడిది.

అంత కొండ రైలు ఎట్లు ఎక్కినది? మామూలు ఆవిరి ఇంజనులో కొన్ని పెద్ద చక్రములకే బలము అందును. ఏటవాలు హెచ్చినచో అవి జారును. మిచిగన్‌లో కలప వ్యాపారము చేసిన ఎఫ్రయిమ్ షే దీనికొక ఉపాయము కనిపెట్టి 1881లో పేటెంటు పొందినాడు. ఆయన ఇంజనులో సిలిండరులు కుడిప్రక్కన నిలువుగా నిలుచును. అవి ఒక పొడవాటి ఇరుసును త్రిప్పగా, పళ్లచక్రముల ద్వారా ప్రతి చక్రమునకును బలము చేరును. ప్రక్కబరువు సరిపుచ్చుటకు బాయిలరును ఎడమకు జరిపినారు. చూచుటకు వంకరబండియే, పరుగు తక్కువ, పట్టు ఎక్కువ. 100 అడుగులకు 11 అడుగులు లేచెడి చోట్లను సైతము అది ఎక్కగలదు. మరీ నిటారైన చోట బండి ముందుకు పోయి ఆగి, వెనుకకు నడచుచు పై పట్టాల కెక్కును.

ఆ పట్టే ఊరిని నిలిపినది, అడవిని ఊడ్చినదియు అదియే అని మాకు తోచును. 1920 నాటికి ఆ రాష్ట్రపు సహజారణ్యము చాలవరకు నేలకూలినది. 1925లో స్ప్రూస్ మిల్లు మూతపడినది. తరువాత మరొక రైల్వే కంపెనీ బొగ్గుబండ్లను వెనుకనుండి నెట్టెడి ఇంజనులను అక్కడ నిలిపినది గనుక, ఊరు మరికొంతకాలము ఊపిరి పీల్చినది. డీజిలు ఇంజనులు వచ్చిన పిమ్మట ఆ పనియు పోయినది.

కాస్ కలపమిల్లు 1960లో ఆగినది. 1963 నుండి అవే షే ఇంజనులు యాత్రికులను కొండకెక్కించుచున్నవి. స్ప్రూస్ చేరినవారికి అక్కడ కనిపించునవి పునాదిరాళ్లు, చుట్టును తిరిగి లేచిన స్ప్రూస్ చెట్లు.