తడిగా కనిపించే రోడ్డంతా తడి కాదు: కొండదారుల్లో గడ్డమంచును గుర్తించడం ఎలా?

సూరత్‌లో జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. రోడ్డు గడ్డకట్టడమన్నది నగరవాసుల అనుభవంలో లేని విషయం. లింబాయత్ వంటి ప్రాంతాల్లో వస్త్ర పరిశ్రమను నమ్ముకుని స్థిరపడిన తెలంగాణ కుటుంబాలదీ అదే పరిస్థితి. అయితే శీతాకాలపు సెలవుల్లో మోటారు సైకిళ్లపై మౌంట్ అబూకు, మనాలీకి బయలుదేరే యువకులకు ఈ అనుభవలేమే ప్రమాదకారణం కావచ్చు.

మౌంట్ అబూ సూరత్‌కు సుమారు 500 కిలోమీటర్ల దూరంలో, 1,200 మీటర్ల ఎత్తున ఉంది. చలి ముదిరిన రోజుల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు, ఒక్కోసారి అంతకన్నా దిగువకు పడిపోతుంది. రాత్రి పది గంటలకు సూరత్‌లో బయలుదేరినవారు సూర్యోదయ వేళకు ఘాట్ రోడ్డు చేరుకుంటారు. రోజు మొత్తంలో నేల అత్యంత చల్లగా ఉండేది సరిగ్గా అప్పుడే.

తెలుగులో మంచు అనే ఒక్క మాటతోనే పొగమంచును, ఆకు మీది బిందువును, హిమపాతాన్ని, గడ్డకట్టిన నీటిని కూడా చెప్పుకుంటాం. వాహనచోదకునికి మాత్రం ఇవన్నీ ఒకటి కావు. లంబసింగిలో పొగమంచు చూపును అడ్డుకుంటుంది; కాబట్టి వేగం దానంతటదే తగ్గుతుంది. గడ్డమంచు చూపును అడ్డుకోదు. నిపుణులు బ్లాక్ ఐస్ అని పిలిచే పలుచని పొర పారదర్శకం. దాని కింది తారు నలుపే కంటికి కనిపిస్తుంది. వాన వెలిసిన రోడ్డే అనుకుని ముందుకు సాగడం సహజం.

ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేల తన వేడిని వేగంగా కోల్పోతుంది. గాలి ఉష్ణోగ్రత 2, 3 డిగ్రీలు చూపుతున్నా రోడ్డు ఉపరితలం సున్నాకు చేరి ఉండవచ్చు. వంతెనలకు కింది నుంచి కూడా చలిగాలి తగులుతుంది కనుక అవి ముందుగా గడ్డకడతాయి. తాపీ నదిపై ఇన్ని వంతెనలు నిశ్చింతగా దాటే సూరత్ వాసులు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. చలి ఒక్కటే రోడ్డును గడ్డకట్టించదు, నీరు కూడా ఉండాలి. కొండ ఊటలు రోడ్డుపైకి జారే చోట్లు, పగలు కరిగిన మంచు సాయంత్రం తిరిగి బిగుసుకునే మలుపులు, ఎండ సోకని ఉత్తరపు వాలులు అనుమానించదగినవి.

కొన్ని ఆనవాళ్లు తోడ్పడతాయి. రోడ్డు పక్క గడ్డి తెల్లబారడం, నిలిపి ఉంచిన వాహనాల సీట్లపై గరుకు పొర ఏర్పడడం తొలి హెచ్చరికలు. రోడ్డు తడిగా మెరుస్తున్నా ముందు వెళ్లే వాహనం టైర్ల నుంచి తుంపరలు లేవకపోతే అది నీరు కాకపోవచ్చు. టైర్ల చప్పుడు హఠాత్తుగా తగ్గడం కూడా సంకేతమే, కానీ అది తెలిసేసరికి బండి గడ్డమంచు మీదే ఉంటుంది.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డుపై బ్రేకు వేశాక బండి సుమారు 9 మీటర్లలో ఆగుతుందనుకుంటే, గడ్డమంచుపై 60 మీటర్లు దాటవచ్చు. అది కూడా బండి పడిపోకుండా ఉంటేనే. ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది తప్ప, లేని పట్టును సృష్టించలేదు. చిక్కుకున్నప్పుడు ముందు బ్రేకు జోలికి పోకుండా, బండిని వంచకుండా, యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా వదిలి నిటారుగా సాగిపోవడం మేలు.

చోదకుని శరీరం మరో సమస్య. 5 డిగ్రీల చలిలో 60 కిలోమీటర్ల వేగానికి ఎదురుగాలి వల్ల చర్మానికి మైనస్ 2 డిగ్రీల చలి తగిలినట్లుంటుంది. మొద్దుబారిన వేళ్లు బ్రేకును సున్నితంగా నొక్కలేవు. రాత్రంతా ప్రయాణించినవారి విషయంలో నిద్రలేమి దీనికి తోడవుతుంది.

మనాలీ వైపు పరిస్థితి మరింత కఠినం. 2020 అక్టోబరులో ప్రారంభమైన అటల్ సొరంగం 3,000 మీటర్లకు పైబడిన ఎత్తున ఉంది. హిమపాతం తర్వాత ఆ దారిలో ఫోర్ బై ఫోర్ వాహనాలను, చక్రాలకు గొలుసులు కట్టినవాటినే పోలీసులు అనుమతించే సందర్భాలు ఉంటాయి.

ఎండకు, రద్దీకి జడిసి తెల్లవారకముందే బయలుదేరడం మైదానంలో మంచి అలవాటే. చలికాలపు కొండదారిలో మాత్రం అది తలకిందులవుతుంది. దిగువనున్న అబూ రోడ్ పట్టణంలో రాత్రి విశ్రమించి, ఎండ మలుపుల్లోకి దిగాక, పది గంటల ప్రాంతంలో, కొండ దిగి వస్తున్న డ్రైవర్లను పైన రోడ్డు ఎలా ఉందో అడిగి బండి తీయవచ్చు.