ఉపగ్రహపు కొలత – దాని తప్పును దిద్దుకొను విధము



ఒకనాడు మన విద్యార్థి తండ్రి యొకరు నాయొద్దకు వచ్చి, తన 30×40 అడుగుల నివేశనస్థలమును సెల్‌ఫోనుతో కొలిచితిననియు, పొరుగువారు అందు కొంత ఆక్రమించినట్లు అది చూపుచున్నదనియు చెప్పిరి. మరునాడు అదే మూలను నిలిచి చూడగా గుర్తు వేరొకచోట పడినది. అప్పటికే ఇరుగుపొరుగుల మధ్య మాటలు పోయినవి. తప్పు పొరుగువారిది కాదు, కొలతది. ఇది అందరును తెలిసికొనవలసిన సంగతి గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

భూమికి సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జి.పి.యస్. ఉపగ్రహములు తమ గడియారపు వేళను రేడియో సంకేతముగా పంపుచుండును. అది మనలను చేరుటకు పట్టిన కాలమునుబట్టి దూరము లెక్కింపబడును. సంకేతము కాంతివేగముతో వచ్చును గనుక, సెకనులో పదిలక్షలవ వంతు పొరపాటైనను దూరము 300 మీటర్లు తప్పును. నాలుగు ఉపగ్రహముల సంకేతములున్నచో మన స్థానమును, మన గడియారపు తప్పును గూడ తేలును. అయినను ఉపగ్రహ గడియారముల స్వల్పదోషములచేతను, పైవాతావరణమున కలుగు ఆలస్యముచేతను, సంకేతము గోడలకు తగిలి వచ్చుటచేతను గుర్తు కొన్ని మీటర్లు తప్పుట సహజము. 30 అడుగులనగా 9 మీటర్లే గదా! 5 మీటర్ల తప్పు స్థలపు వెడల్పులో సగమును మించును.

దీనికి విరుగుడు మన అంగళ్లలోనిదే. నూనె తూచుటకు ముందు ఖాళీపాత్రను తూచి, ఆ బరువును తీసివేయుదుము. అట్లే, సరియైన స్థానము ముందుగా తెలిసిన చోట ఒక గ్రాహకయంత్రమును స్థిరముగా నిలిపినచో, ఆ వేళ సంకేతములలో ఎంత తప్పున్నదో తెలియును. దానిని మన లెక్కనుండి తీసివేయవచ్చును. అట్టి యంత్రమొకటి బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునందు కలదు. అది మనకు సూటిగా సుమారు 75 కిలోమీటర్ల దూరము. దాని లెక్కలు లోకమునకెల్ల ఉచితముగా లభించును. స్థిరయంత్రము ఎంత దగ్గరనుండిన దిద్దుబాటు అంత మేలు. గోడల ప్రతిధ్వనిని మాత్రము ఈ పద్ధతి తొలగింపజాలదు.

ఈ తీసివేతను చేయు సాఫ్ట్‌వేరు ఆర్.టి.కె.లిబ్. జపానుదేశస్థుడగు టొమోజి తకాసు దీనిని రచించెను. దీనికి వెల లేదు. దీని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 మొదలుకొని అనేక ఫోనులు తాము గ్రహించిన ముడి లెక్కలను బయటికిచ్చుచున్నవి. వానిని రైనెక్సు అను సామాన్యరూపమునకు మార్చి, స్థిరయంత్రపు లెక్కలతో జతచేసి కంప్యూటరున కిచ్చిన, దిద్దిన స్థానము వచ్చును. ఫోను చిన్న ఆంటెనాతో అంగుళముల నాశించరాదు. మంచి ఆంటెనాయు, రెండు పౌనఃపున్యముల గ్రాహకమును ఉండి, ఆరుబయట చాలినంతసేపు నిలిపినచో సెంటీమీటర్ల వరకు తేలవచ్చును. సరిహద్దు వ్యాజ్యమునకు మాత్రము ప్రభుత్వ సర్వేయరు కొలతయే ప్రమాణము.

కొలతకును మన ఊరికిని పాత సంబంధము. 1802లో మైసూరు తూర్పు సరిహద్దును కొలువవచ్చిన లెఫ్టినెంటు జాన్ వారెన్ ఇచ్చటి గ్రామస్థులచే మన్ను కడిగించి బంగారమును చూచెను. ఆ బంగారము కంపెనీల పాలాయెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. నేడు మనలో అనేకులు రైలెక్కి బెంగుళూరు పోయి బ్రతుకుచున్నారు. ఈ కొత్త పనిముట్టు ఏ కంపెనీ సొత్తును కాదు, నేర్చినవానిదే.

దీని వివరణ గ్రంథము ఇంగ్లీషున నున్నదని, తెలుగున చదువు మన పిల్లలు వెనుదీయ నక్కరలేదు. త్రికోణమితిని శ్రద్ధగా నేర్చినవారికి ఇందలి భావము కొరుకుడుపడును. ఇంటనున్న పాత కంప్యూటరును బడికిచ్చి, బిడ్డను లెక్కలయందు ప్రోత్సహింపుడు. మన ఆటస్థలపు నాలుగు మూలలను వారిచేతనే కొలిపించి, టేపుతో సరిచూపింతము.