ఓటరు కంటే ముందు బీ-ఫారం

2023 శాసనసభ ఎన్నికల నాటికి శేరిలింగంపల్లి నియోజకవర్గంలో ఓటర్లు 7 లక్షల 30 వేల పైచిలుకు. అంతమంది ఓటర్లున్న అసెంబ్లీ స్థానం తెలంగాణలో మరొకటి లేదు. సైబర్ టవర్స్ ఉన్న మాదాపూర్, ఆ పక్కన కొండాపూర్, గచ్చిబౌలి, ఇటు మియాపూర్, చందానగర్ అన్నీ ఇందులోవే. నవంబరు 30న పోలింగ్ సగానికి కూడా చేరలేదు. ఐటీ వాళ్లు ఓటెయ్యరని ప్రతిసారీ పడే చీవాట్లే మళ్లీ పడ్డాయి. న్యాయమే. అయితే ఓటేసిన సగం మందికైనా దక్కింది సగం పనే. ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలన్న మొదటి సగం వాళ్ల ప్రమేయం లేకుండా అప్పటికే తేలిపోయింది.

ఆ మొదటి సగాన్ని మనం టికెట్ల గొడవ అని తేలిగ్గా తీసిపారేస్తాం. కాస్త నిదానంగా చూద్దాం.

ఎన్నికల వేళ పార్టీ ఆఫీసుల దగ్గర ఎవరిని కదిపినా బీ-ఫారం మాటే వినపడుతుంది. నిజానికి కాగితాలు రెండు. తమ తరఫున అభ్యర్థుల పేర్లు చెప్పే అధికారం ఎవరిదో, వారి సంతకం ఎలా ఉంటుందో పార్టీ ఎన్నికల అధికారులకు తెలియజేసేది ఏ-ఫారం. ఆ అధికారం ఉన్న మనిషి ‘ఈ నియోజకవర్గంలో మా అభ్యర్థి ఈయన’ అని సంతకం పెట్టి ఇచ్చేది బీ-ఫారం. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా అది రిటర్నింగ్ అధికారికి అందాలి. అందితే కారు, చెయ్యి, కమలం. అందకపోతే ఇండిపెండెంటు, మిగిలిన గుర్తుల్లోంచి ఏది దక్కితే అది.

మరి ఆ సంతకం పెట్టేముందు ఎవరిని అడగాలి? చట్టం ఏమీ చెప్పదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఏ సెక్షన్ పార్టీలు నమోదు చేసుకోవాలంటుంది, రాజ్యాంగానికి విధేయంగా ఉంటామని రాసివ్వమంటుంది. అభ్యర్థిని ఎలా ఎంచుకోవాలన్నది మాత్రం పార్టీ ఇష్టం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి సరేనన్నాకే దేవుడి దర్శనం.

అమెరికాలో అన్నో తమ్ముడో ఉన్నవాళ్లు శేరిలింగంపల్లి వీధుల్లో తక్కువేమీ కాదు కనుక ఆ దేశపు ‘ప్రైమరీ’ మాట చాలామంది వినే ఉంటారు. అక్కడ పార్టీ అభ్యర్థిని తేల్చడానికే ముందుగా ఒక ఎన్నిక జరుగుతుంది. 2018 జూన్‌లో న్యూయార్క్‌లో జరిగిన అలాంటి ఎన్నికలో జో క్రౌలీ అనే డెమొక్రాట్ ఓడిపోయాడు. పది సార్లు గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు, క్వీన్స్ కౌంటీలో పార్టీకి పెద్ద దిక్కు. ఓడించింది 28 ఏళ్ల అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్, సొంత పార్టీ మనిషే. స్థానిక నాయకత్వం మొత్తం క్రౌలీ వెంట ఉన్నా ఆమె పేరు బ్యాలెట్ మీదికి రాకుండా ఆపలేకపోయింది. అదే నెలలో హైదరాబాద్‌లో పుట్టిన మన తెలుగావిడ అరుణా మిల్లర్ మేరీలాండ్ ఆరో జిల్లా ప్రైమరీలో సంపన్న వ్యాపారి డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడిపోయారు. ఓడినా పార్టీ మారలేదు. 2022లో వెస్ మూర్‌తో కలిసి గెలిచి, 2023 జనవరిలో ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. ప్రైమరీ అంటే సర్వరోగ నివారిణి అనుకోనక్కర్లేదు. క్రౌలీ ఓడిన ఆ పోటీలో ఓటేసినవాళ్లు 30 వేలలోపే! కాకపోతే పోటీ జరిగింది బహిరంగంగా. ఓడినవాళ్లకు ఎందుకు ఓడామో తెలిసింది.

ఇక మన శేరిలింగంపల్లికి వద్దాం. నియోజకవర్గాల పునర్విభజనతో ఏర్పడిన ఈ స్థానంలో 2009లో తొలిసారి గెలిచింది కాంగ్రెస్ నాయకుడు భిక్షపతి యాదవ్. 2014లో తెలుగుదేశం తరఫున అరెకపూడి గాంధీ గెలిచారు, తర్వాత టీఆర్ఎస్‌లో చేరారు. 2018లో మహాకూటమి పొత్తు కుదిరి, కాంగ్రెస్ ఈ స్థానాన్ని తెలుగుదేశానికి వదిలేసింది. భిక్షపతి యాదవ్‌కు నియోజకవర్గంలో బలం ఉందా లేదా అని ఎవరూ లెక్క తియ్యలేదు, పొత్తు లెక్కల్లో సీటే పోయింది. ఆయన అనుచరులు కాంగ్రెస్ కార్యాలయం గాంధీభవన్ ముందు ఆందోళనకు దిగారు. ఆ ఎన్నికలో గెలుపు మళ్లీ గాంధీదే, ఈసారి టీఆర్ఎస్ గుర్తు మీద. 2020లో భిక్షపతి యాదవ్ బీజేపీలో చేరారు.

2023లో మూడు పార్టీలూ మూడు దారుల్లో అభ్యర్థుల్ని ఎంచుకున్నాయి. బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్‌ది అన్నిటికంటే సులువైన దారి. ఆగస్టు 21న పార్టీ అధినేత కేసీఆర్ ఒకే విడతలో 115 పేర్లు చదివేశారు. సిట్టింగుల్లో ఏడుగురిని మాత్రమే మార్చారు. శేరిలింగంపల్లి గాంధీకే. కాంగ్రెస్ దరఖాస్తులు పిలిచింది, రుసుము 50 వేలు, ఎస్సీ ఎస్టీలకు 25 వేలు. 119 స్థానాలకు వెయ్యికి పైగా వచ్చాయి. వాటిని రాష్ట్ర ఎన్నికల కమిటీ చూడాలి, స్క్రీనింగ్ కమిటీ వడకట్టాలి, చివరికి ఢిల్లీలో కేంద్ర ఎన్నికల కమిటీ ముద్ర వెయ్యాలి. ఇంత వడపోత తర్వాత అక్టోబరు జాబితాలో శేరిలింగంపల్లికి తేలిన పేరు జగదీశ్వర్ గౌడ్. అప్పటిదాకా ఆయన మాదాపూర్ బీఆర్ఎస్ కార్పొరేటర్, భార్య పూజిత హఫీజ్‌పేట కార్పొరేటర్. బీఆర్ఎస్ టికెట్ గాంధీకి ఖాయమయ్యాక కాంగ్రెస్ గడప తొక్కారు. అంతకుముందు నుంచీ ఆ పార్టీ జెండా మోసిన ఆశావహుల మాటేమిటంటే, బుజ్జగింపులు. బీజేపీలో ఈ స్థానం జనసేన పొత్తు బేరంలో చిక్కుకుని, నామినేషన్ల చివరి రోజైన నవంబరు 10న విడుదలైన జాబితాలో రవికుమార్ యాదవ్ పేరు వచ్చింది. ఆయన భిక్షపతి యాదవ్ కొడుకు.

ఫలితం: గాంధీ బీఆర్ఎస్ అభ్యర్థిగా 46 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. జగదీశ్వర్ గౌడ్ రెండో స్థానంలో నిలిచారు.

కథ ఇక్కడితో ఆగితే మామూలు ఎన్నికే. 2024 జులైలో గాంధీ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సమక్షంలో కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. ఇప్పుడు జగదీశ్వర్ గౌడ్ వైపు నుంచి చూడండి. బీఆర్ఎస్‌లో ఉంటే గాంధీ ఉండగా టికెట్ రాదని పార్టీ మారిన మనిషి. ఏడాది తిరక్కముందే ఆ గాంధీ ఆయన వెనకే వచ్చి అదే ఇంట్లో దిగారు. జెండాలు మారాయి తప్ప ఇద్దరి మధ్య పోటీ ఉన్నచోటే ఉంది. కార్యకర్త ఇబ్బంది ఇంకా పెద్దది. నిన్నటిదాకా ఎవరికి వ్యతిరేకంగా గడప గడపా తిరిగాడో, ఇవాళ ఆయన ఫ్లెక్సీయే తను కట్టాలి.

సెప్టెంబరులో గాంధీని ప్రజాపద్దుల కమిటీ చైర్మన్ చేశారు. ఆ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. తాను బీఆర్ఎస్ ఎమ్మెల్యేనేనని గాంధీ అన్నారు. అలాగైతే గులాబీ కండువా తీసుకుని ఆయన ఇంటికే వెళ్తానని హుజూరాబాద్ బీఆర్ఎస్ ఎమ్మెల్యే పాడి కౌశిక్ రెడ్డి సవాలు విసిరారు. సెప్టెంబరు 12న గాంధీ, ఆయన అనుచరులు కొండాపూర్‌లోని కౌశిక్ రెడ్డి ఇంటికే వచ్చారు. రాళ్లు, కోడిగుడ్లు, టమాటాలు ఎగిరాయి. ఐటీ కారిడార్ నడిబొడ్డున పట్టపగలు జరిగిన ఈ రభసను టీవీలన్నీ చూపించాయి. వీధిలో ఎగిరిన టమాటాలు చూసి నవ్వుకున్నాం గానీ, పార్టీ లోపలి తగువు తీర్చుకోవడానికి ఒక పద్ధతంటూ లేని చోట అది వీధికెక్కక ఎక్కడికి పోతుంది?

ఫిరాయింపుల చట్టం ఉంది కదా అని అడగొచ్చు. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు అది. గెలిచిన పార్టీని స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్‌ను ధిక్కరించినా సభ్యత్వం పోతుంది. కానీ అది గెలిచాక మాట. గెలవకముందు సొంత పార్టీలో పోటీ పడాలనుకునే మనిషికి ఆ చట్టంలో ఒక్క అక్షరం లేదు. గెలిచినవాళ్ల మీదా తీర్పరి స్పీకరే. తెలంగాణలో పార్టీ మారారంటూ పదిమంది ఎమ్మెల్యేల మీద వేసిన పిటిషన్లు తేలక, వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న కోర్టు ఆదేశించింది.

మనకూ ప్రైమరీలు పెడితే? 2014 లోక్‌సభ ఎన్నికలకు రాహుల్ గాంధీ కొన్ని స్థానాల్లో పెట్టి చూశారు. వడోదర ప్రైమరీలో నరేంద్ర రావత్ గెలిచారు. ఈలోగా అక్కడ నరేంద్ర మోదీ పోటీ ఖాయమైంది, కాంగ్రెస్ అభ్యర్థిగా మధుసూదన్ మిస్త్రీ వచ్చారు. రావత్ పక్కకు తప్పుకున్నారు. అధిష్ఠానం తలుచుకుంటే మార్చెయ్యగల ఎన్నిక పేరుకే ఎన్నిక. పైగా మన పార్టీల సభ్యత్వ పుస్తకాలు నాయకుల చేతుల్లో ఉంటాయి. రుసుము వాళ్లే కట్టి, పేర్లు వాళ్లే రాయించే చోట ప్రైమరీ పెడితే, ఎక్కువ పుస్తకాలు కొన్నవాడే గెలుస్తాడు. ముందు సభ్యుల జాబితా బయటపెట్టడం, దాన్ని పార్టీకి సంబంధం లేని అధికారి సరిచూడటం జరగాలి. ప్రైమరీ ఆ తర్వాతి మాట. పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యాన్ని చట్టంలోకి తేవాలని లా కమిషన్ తన 170వ నివేదికలో 1999లోనే సిఫారసు చేసింది. అది అమలు చేయాల్సింది ఇప్పుడు బీ-ఫారాలు చేతిలో ఉన్నవాళ్లే. ఎందుకు ఆగిపోయిందో వేరే చెప్పాలా!

2025 డిసెంబరులో స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ ఐదుగురు ఎమ్మెల్యేల మీద పిటిషన్లు కొట్టేశారు. పార్టీ మారారనడానికి ఆధారాల్లేవన్నారు. ఆ ఐదుగురిలో అరెకపూడి గాంధీ ఒకరు. ఆ తీర్పు ప్రకారం ఆయన బీఆర్ఎస్ సభ్యుడే.