పాఠశాల గ్రంథాలయాలు: సొంత ప్రతులు, ఆన్‌లైన్ చందాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాఠశాల గ్రంథాలయం ముద్రిత రిఫరెన్సు గ్రంథాలు కొనాలా, ఆన్‌లైన్ చందా కట్టాలా అనే చర్చ తరచుగా పాత, కొత్త మాధ్యమాల మధ్య పోటీగా సాగుతుంది. అసలు భేదం మాధ్యమంలో కంటే యాజమాన్యంలో ఉందని వివరించి, తెలుగు మాధ్యమ పాఠశాలలకు అనువైన ఎంపిక క్రమాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పాఠశాల గ్రంథాలయం, రిఫరెన్సు గ్రంథాలు, చందా, యాజమాన్యం, విజ్ఞాన సర్వస్వం.

1. ఉపోద్ఘాతం:
1768లో ఎడిన్‌బరోలో ప్రచురణ మొదలైన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా, తన 32 సంపుటాల ముద్రణను నిలిపివేస్తున్నట్లు 2012 మార్చిలో ప్రకటించింది. 2010 నాటి ముద్రణే చివరిది. అయితే అంతకుముందు ఆ సంపుటాలను కొన్న పాఠశాల వాటిని నేటికీ వాడుకోవచ్చు. చందా కట్టిన పాఠశాలకు మాత్రం గడువు తీరిన మరునాడు ఏదీ మిగలదు. నిధులు తక్కువగా ఉన్నచోట ఈ తేడా చాలా పెద్దది. విద్యాహక్కు చట్టం (2009) షెడ్యూలు ప్రతి పాఠశాలలోనూ గ్రంథాలయం ఉండాలని నిర్దేశించింది. సమగ్ర శిక్ష పథకం ప్రభుత్వ పాఠశాలలకు స్థాయిని బట్టి ఏటా రూ. 5,000 నుండి రూ. 20,000 వరకు గ్రంథాలయ నిధిని ప్రతిపాదించింది. ఇంత స్వల్ప మొత్తంలో జరిగే తప్పుడు ఎంపికను ఆ ఏడాదిలో సరిదిద్దుకోవడం కష్టం.

2. కొనుగోలు – చందా:
కొన్న పుస్తకం గ్రంథాలయానికి చెందుతుంది. 1957 కాపీరైటు చట్టం 14వ సెక్షను ప్రకారం ప్రతులను ప్రజలకు అందజేసే హక్కు రచన హక్కుదారుదే అయినా, అప్పటికే చలామణిలో ఉన్న ప్రతులకు అది వర్తించదు. అందుకే కొన్న పుస్తకాన్ని విద్యార్థికి ఎరువివ్వడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. చందాలో ఎందరు, ఎక్కడ, ఎంతకాలం చదవాలో ఒప్పందమే నిర్ణయిస్తుంది. ఒకటి సొంత ఇల్లు, మరొకటి అద్దె ఇల్లు.

ఉన్నత విద్యారంగంలో ఈ అద్దెను ఇప్పుడు కేంద్రప్రభుత్వమే భరిస్తోంది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకానికి 2025–2027 కాలానికి రూ. 6,000 కోట్లు కేటాయించారు. 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలు దాదాపు 6,300 ప్రభుత్వ ఉన్నత విద్యా, పరిశోధన సంస్థలకు దీనివల్ల అందుబాటులోకి వస్తాయి. పాఠశాలలు దీని పరిధిలో లేవు.

3. భౌతిక మాధ్యమాల పరిమితులు:
చేతికందే వస్తువైనంత మాత్రాన అది శాశ్వతం కాదు. మైక్రోసాఫ్ట్ 1993లో సీడీ రూపంలో విడుదల చేసిన ఎన్‌కార్టా 2009లో ఆగిపోయింది. ఆ సీడీలు అలమరలో భద్రంగా ఉన్నా వాటిని చదివే డ్రైవు నేటి కంప్యూటర్లలో సాధారణంగా ఉండదు. ముద్రిత గ్రంథానికి ఈ చిక్కు లేకపోయినా, దానిలోని సమాచారం పాతబడుతుంది. 2006కు ముందటి విజ్ఞాన సర్వస్వంలో గ్రహాలు తొమ్మిది. 2014కు ముందటి దానిలో తెలంగాణ ప్రత్యేక రాష్ట్రంగా కనిపించదు. ఇటువంటి అంశాల్లో ఆన్‌లైన్ వనరులదే పైచేయి.

4. తెలుగు మాధ్యమ పాఠశాలల స్థితి:
పేరున్న అంతర్జాతీయ రిఫరెన్సు చందాలు ప్రధానంగా ఆంగ్లంలో ఉంటాయి. తెలుగు విద్యార్థికి కావలసిన శబ్దార్థం, వ్యుత్పత్తి, సాహిత్య, స్థానిక చరిత్రాంశాలు వాటిలో దొరకడం అరుదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ప్రారంభించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము, తెలుగు భాషాసమితి వెలువరించిన విజ్ఞాన సర్వస్వ సంపుటాలు, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆ అవసరం తీర్చడానికి పుట్టినవి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో పలు తెలుగు నిఘంటువులను ఒకేచోట ఉచితంగా వెతకవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు, ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహిస్తున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయానికి కూడా చందా అక్కరలేదు. కనుక ‘ఆన్‌లైన్’ అన్నదల్లా ‘చందా’ కాదన్న వివేచన మొదట అవసరం.

5. ఎంపికకు ప్రమాణాలు:
ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రతిపాదించిన పంచసూత్రాల్లో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయమంటుంది. ఐదవది గ్రంథాలయం పెరిగే జీవి అంటుంది. ఆన్‌లైన్ చందా నాలుగవ సూత్రాన్ని చక్కగా నెరవేరుస్తుంది. కానీ ఏటా చందాకే నిధి ఖర్చయితే సేకరణ పెరగదు. ఈ రెండింటి సమన్వయానికి మూడు ప్రశ్నలు తోడ్పడతాయి.

అ) కావలసిన సమాచారం తరచూ మారేదా, నిలకడైనదా? నిఘంటువు, వ్యాకరణం, ప్రాచీన కావ్యం నిలకడైనవి. వాటిని కొనడం మేలు.
ఆ) వచ్చే ఏడు నిధి రాకపోతే గ్రంథాలయంలో ఏమి మిగులుతుంది?
ఇ) ఒకేసారి ఎందరు చదవగలరు? 32 సంపుటాలను 32 మంది విద్యార్థులు ఏకకాలంలో తెరవగలరు. ఒకే కంప్యూటరున్న పాఠశాలలో చందా ఎంత విస్తృతమైనదైనా వరుసలో నిలబడక తప్పదు.

6. ముగింపు:
పై పరిశీలనను బట్టి పాఠశాల మొదట నిలకడైన తెలుగు రిఫరెన్సు గ్రంథాలను సొంతం చేసుకోవాలి. తరువాత ఉచిత డిజిటల్ వనరులను వాడే పద్ధతిని విద్యార్థులకు నేర్పాలి. కొన్నేళ్లపాటు నిధి ఖాయమని తేలినప్పుడే చందాకు వెళ్లాలి. చందా వచ్చిందని పాత సంపుటాలను తీసివేయడం తొందరపాటు అవుతుంది. చందా ఆగిన నాడు విద్యార్థి సందేహానికి సమాధానం చెప్పగలిగేవి అవే.